కిసాబురో బుట్టలో పద్నాలుగు ఇళ్లు

హిరోనాకా కిసాబురో హగి పట్టణంలో ముప్పై ఎనిమిదేళ్లు ఉత్తరాలు పంచాడు. ఉద్యోగం నుంచి దిగిన మర్నాడే గైడుల సంఘంలో పేరు రాయించుకుని, ఎడమ చేతికి పసుపు పట్టీ కట్టుకుని, ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లని సైకిళ్ల మీద తిప్పడం మొదలుపెట్టాడు. పదిహేనేళ్లుగా అదే పని. జీతమంటూ ఏమీ లేదు, మధ్యాహ్నం ఓ సీసా టీ ఇస్తారు. ఆ టీ కూడా చాలాసార్లు యాత్రికులకే ఇచ్చేసేవాడు. అంత మంచివాడని కాదు, తాగితే దారిలో ఆగాల్సివస్తుందని.

ఆ ఊరిని చూడాలంటే సైకిలొక్కటే మార్గమని అతని సిద్ధాంతం. నడిచి చూసేవాడికి ఊరు సగం చూసేసరికి కాళ్లు పీకుతాయి. కారులో వచ్చినవాడి సంగతి అతను మాట్లాడేవాడే కాదు. ఎవరైనా గుచ్చి గుచ్చి అడిగితే మాత్రం, "కారులో వచ్చినవాడు ఊరు చూడడండీ, ఊరే వాణ్ణి చూస్తుంది" అనేవాడు. ఈ మాట వారానికి మూడుసార్లు, ప్రతిసారీ అప్పుడే తట్టినట్టు మొహం పెట్టి అనేవాడు.

కోట కట్టినవాళ్లు శత్రువు దారి తప్పాలని వీధుల్ని అక్కడక్కడ అడ్డదిడ్డంగా విరిచారు. రెండు పక్కలా మట్టిగోడలు, ఎదురుగా మరో గోడ, దగ్గరికి వెళితే గాని మలుపు ఉందని తెలియదు. ఆ మలుపుల దగ్గర సైకిలు ఆపి కిసాబురో ఇరవై నిమిషాలు కథ చెప్పేవాడు. శత్రువుల సంగతేమో గాని, ఆ కథ మధ్యలో మెల్లగా జారుకుని, తిరిగి రాలేక తప్పిపోయిన యాత్రికులు మాత్రం ఏడాదికి పదిమందైనా ఉండేవారు. వాళ్లని వెతికి తేవడం కూడా అతనికి సరదాగానే ఉండేది.

ఇంత హాయిగా సాగుతున్న బతుకులోకి ఏప్రిల్‌లో ఒక కాగితం వచ్చింది. డెబ్బై అయిదు నిండబోయే గైడులు సైకిలు పరీక్షకి హాజరు కావాలని గైడుల సంఘం కొత్త నియమం పెట్టింది. ఇద్దరు యాత్రికులని వెంటబెట్టుకుని తొమ్మిదింటికి కోట దగ్గర బయల్దేరాలి. ఊరంతా చుట్టి, నది దాటి, కసాయామా కొండ కింద చెరువు దాకా వెళ్లి, పన్నెండింటికల్లా తిరిగి రావాలి. ఎవరూ తప్పిపోకూడదు, గైడు పడిపోకూడదు, ఆలస్యం కాకూడదు. మూడింట్లో ఏది తప్పినా పసుపు పట్టీ తీసేసి తెల్ల పట్టీ ఇస్తారు. తెల్ల పట్టీ అంటే పాదచారి గైడు. వాళ్లకి కోట పక్క మూడు వీధులే. సముద్రం లేదు, రేవు లేదు, కసాయామా లేదు.

కిసాబురోకి జూన్‌లో డెబ్బై అయిదు నిండుతాయి.

"పోస్టాఫీసు ఎర్రబండి పోయింది. డాక్టరు చెప్పాడని కారు లైసెన్సు తిరిగిచ్చేశాను. ఇక ఈ సైకిలు కూడా పోతే నాకు చక్రమన్నదే ఉండదు" అన్నాడు భార్యతో.

ఆవిడ పేరు సుమియె. ముల్లంగి తరుగుతోంది, తరుగుతూనే ఉంది. నలభై తొమ్మిదేళ్ల కాపురంలో ఆవిడ సైకిలెక్కింది లేదు. మోకాలు పాడై మూడేళ్లుగా సముద్రం ఒడ్డుకి కూడా వెళ్లలేదు. వాళ్లింటి నుంచి సముద్రం పావుగంట నడక. అంతకు ముందు రోజూ సాయంత్రం ఇద్దరూ కలిసి వెళ్లేవారు. తర్వాత అతనొక్కడే సైకిలు మీద వెళ్లొచ్చి, ఈరోజు అలలు ఎలా ఉన్నాయో చెప్పేవాడు. చెప్పింది ఆవిడ వినేది గాని, ఎప్పుడూ మారు ప్రశ్న వేసేది కాదు.

ఇక్కడ ఒక రహస్యం ఉంది. పోయిన అక్టోబరులో, ఒంటరిగా వస్తూ, తాను వేలసార్లు వర్ణించిన మలుపు దగ్గరే కిసాబురో సైకిలుతో సహా పక్క కాలవలో పడ్డాడు. ఎవరూ చూడలేదు. తడిసి ముద్దయి ఇంటికొచ్చి, నది అవతల పెద్ద వాన పడిందని చెప్పాడు. సుమియె చొక్కా పిండి ఆరేసింది. అంతటితో ఆ సంగతి సమసిపోయిందని అతను గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోయాడు.

మే నెల రెండోవారంలో పరీక్ష. దానికి ముందు రెండు రోజులూ మధ్యాహ్నం పూట సుమియె ఏదో మూట పట్టుకుని బయటికి వెళ్లి చీకటి పడే వేళకి కాళ్లీడ్చుకుంటూ వచ్చింది. ఎక్కడికని అతను అడగలేదు. చక్రాలకి నూనె వేసుకోవడంలో తీరిక లేదు.

పరీక్ష పెట్టేది సంఘం కార్యదర్శి కనెషిగె అయానో. నలభై ఏళ్ల మనిషి, మెడలో ఈల, చేతిలో నోటుపుస్తకం. ఆమె కాలేజీ పరీక్ష పాసైనట్టు వచ్చిన ఉత్తరాన్ని పరుగున తెచ్చి ఇచ్చింది కిసాబురోనే. అందుకని కాస్త చూసీ చూడనట్టు పోతుందని అతని ఆశ. అందుకనే మరీ కచ్చితంగా ఉండాలని ఆమె పట్టుదల. యాత్రికులుగా ఒసాకా నుంచి వచ్చిన నిషివాకి దంపతులు దొరికారు. భార్య ఇద్దరి మాటలూ తనే మాట్లాడేస్తుంది కాబట్టి భర్తకి నోరు తెరిచే పని లేదు.

తొమ్మిదింటికి ఈల మోగింది. ముందు కిసాబురో, వెనక ఒసాకావాళ్లు, చివర కనెషిగె గారు. గోడల మీంచి నారింజ పూల వాసన వీధంతా కొడుతోంది. ఆ ఊరి వేసవి నారింజలు మే నెలలో ఒకే కొమ్మకి పూతా పండూ రెండూ మోస్తాయి. కిసాబురో వీపు నిటారుగా పెట్టి తొక్కుతున్నాడు.

మొదటి గోడ మలుపులోనే ఒకావిడ నిలబడి ఉంది. చేతిలో సంచీ. ఇతన్ని చూడగానే రోడ్డు మధ్యకి వచ్చి నడుం దాకా వంగింది. ఆపక తప్పలేదు.

"నిన్న మీ ఆవిడ అనవసరంగా శ్రమ తీసుకున్నారు. ఇవేమంత రుచిగా ఉండవు, ఊరికే" అంటూ ఆరు నారింజకాయల్ని బుట్టలో పెట్టింది. ఒక్కోటీ దబ్బకాయంత ఉంది. అతనూ వంగాడు. ఆవిడ మళ్లీ వంగింది. ఎవరు చివర వంగాలో తేలడానికి నాలుగు నిమిషాలు పట్టింది. కనెషిగె గారు గడియారం చూసి ఏదో రాసుకుంది.

రెండో మలుపులో ఒకాయన ఉడకబెట్టిన వెదురు మొలకలు ఇచ్చాడు. మూడో ఇంటిముందు ఒక పెద్దమనిషి నారింజ తొక్కల మురబ్బా రెండు సీసాలు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఇక ఉండబట్టలేక కిసాబురో అడిగాడు, అసలు మా ఆవిడ ఏం చేసిందని.

"మీకు చెప్పలేదా? కమబొకో తెచ్చారండీ. రేవు పక్క కొట్టుది, తాజా చేప రుబ్బి ఆవిరి మీద ఉడికించింది. రేపు మా ఆయన సైకిలు మీద ఇటు వస్తారు, మీకు ఇబ్బంది కలుగుతుందేమో, ముందుగానే క్షమించమని అడగడానికి వచ్చానన్నారు."

కిసాబురోకి తలప్రాణం తోకకొచ్చింది. ఆ ఊళ్లో గోడ కొట్టించినా, ఇంటికి రంగు వేయించినా ముందురోజు చుట్టుపక్కల ఇళ్లకి చిన్న పొట్లం పట్టుకెళ్లి, రేపు మీకు చప్పుడవుతుంది మన్నించండి అని చెప్పి రావడం రివాజు. సైకిలు తొక్కడానికి కూడా అలా చెప్పి వచ్చిన మనిషి మాత్రం సుమియె ఒక్కతే. పుచ్చుకున్నవాళ్లు ఊరుకుంటారా? అందులో సగమైనా తిరిగివ్వాలి, అదీ ఆలస్యం కాకుండా. తక్కువైతే పిసినారితనం. పూర్తిగా తిరిగిచ్చేస్తే మీతో ఇక పని లేదన్నట్టు, అది ఇంకా తప్పు. మర్నాడు ఆవిడ మొగుడు తమ ఇంటి ముందు నుంచే వెళతాడని ఆవిడే చెప్పింది కదా, అంతకన్నా వీలు ఏముంటుంది?

ఎన్ని ఇళ్లకి ఇచ్చిందని అడిగాడు. పద్నాలుగు అని విన్నానన్నాడు పెద్దమనిషి. అంటే ఇంకా పదకొండు. తపాలా పంచిన బుర్ర గనక ఆ పదకొండు ఇళ్లూ ఏవై ఉంటాయో, ఎవరింట్లో ఎంతసేపు వంగుతారో కిసాబురో కళ్లముందు వరసగా కనబడ్డాయి.

దారి మార్చేద్దామా అనిపించింది. మారిస్తే ఇల్లు దాటవేశాడంటారు. మనిషి గుమ్మంలో పొట్లంతో నిలబడి ఉంటే పక్క వీధిలోంచి పారిపోయిన తపాలావాడు అన్న పేరు అతనికి అక్కర్లేదు. ఎండుచేపలు తీసుకున్నాడు. సముద్రపు నాచు తీసుకున్నాడు. గుడి పూజారి ఇచ్చిన అగరొత్తుల పెట్టె తీసుకున్నాడు. కుమ్మరి దొయి దగ్గర తెలివిగా ఆలోచించాననుకుని, ఈ సామానంతా నీ దగ్గర ఉంచు సాయంత్రం పట్టుకెళతానన్నాడు. దొయి సంతోషంగా ఒప్పుకున్నాడు. అంతలో మొహం మాడ్చుకుని, "ఇన్నిళ్లవాళ్లు ఇన్ని ఇస్తే నేను ఒక్క గిన్నే ఇచ్చానని తెలుస్తుంది కదా" అని లోపలికెళ్లి ఇంకో రెండు గిన్నెలు తెచ్చి బుట్టలో కుక్కాడు. సామాను ఉంచుకునే మాట మళ్లీ ఎత్తలేదు.

నిషివాకి గారి భార్యకి ఇదంతా యాత్రలో భాగమనిపించింది. "మా ఒసాకాలో గైడుకి మేమివ్వాలి. ఇక్కడ ఊరంతా ఇస్తోంది. ఏమండీ, మనం కూడా ఇక్కడికొచ్చి గైడులుగా చేరదామా" అని భర్తని అడిగి, అతని తరఫున తనే సరేనంది. కొన్ని సంచులు తన బుట్టలో పెట్టమంది. అతిథి బుట్టలో గైడు సామానా? కిసాబురో చెవులు మూసుకున్నంత పని చేశాడు. కనెషిగె గారు పరీక్షాధికారి కాబట్టి చూస్తూ ఉండటం తప్ప ఏమీ చేయకూడదు. ఆమె అదే చేసింది.

కసాయామా చేరేసరికి పదీ యాభై. చెరువులోకి రాళ్ల సందుల్లోంచి సముద్రపు నీళ్లొస్తాయి, అందుకని అందులో సముద్రపు చేపలే తిరుగుతాయి. అరగంట చెప్పాల్సిన ఆ వింతని కిసాబురో అరనిమిషంలో చెప్పేశాడు. నిషివాకి గారు ఆ రోజుకి మొదటిసారి నోరు తెరిచి, వీటిని తింటారా అని అడిగాడు. తినరండీ పదండి అని కిసాబురో సైకిలెక్కాడు.

తిరుగు దారిలో వంతెన మీద అసలు సంగతి తెలిసింది. ముందు బుట్ట నిండి, వెనక సీటుకి మూట కట్టి, హ్యాండిలుకి రెండు వైపులా సంచులు వేలాడుతుంటే, ముందు చక్రం తన ఇష్టం వచ్చినట్టు పోతోంది. అతను కుడికి అంటే అది కాసేపు ఆలోచించి ఎడమకి పోతోంది. పళ్లు బిగించి తొక్కాడు. రేవు పేట చేరేసరికి పదకొండూ ముప్పై అయిదు. ఇక్కణ్ణుంచి కోట పావుగంట. గట్టిగా తొక్కితే పసుపు పట్టీ దక్కుతుంది.

రోడ్డుకి అడ్డంగా హత్సు అవ్వ నిలబడి ఉంది. తొంభై రెండేళ్లు. చేపలు ఆరబోయడంలో ఆ రేవులో ఆవిడకి సాటి లేదు. పొద్దున వెళ్లేటప్పుడు ఇంట్లో లేదు. పద్నాలుగో ఇల్లు ఆవిడదే. చేతిలో తాటాకంత వెడల్పున ఎర్రచేప ఉంది.

"ఒరే కిసా, దిగు."

"అవ్వా, పరీక్షలో ఉన్నానే. బుట్టలో పడేయి, వెళతాను."

"పడేస్తే చేప నలుగుతుంది. దిగమన్నానా." చేపని తనే మూటకి కట్టడం మొదలుపెట్టి, ముడి వేస్తూ మామూలుగా అంది. "దెబ్బలేం తగల్లేదు కదా? మొన్న మీ ఆవిడ వచ్చి ఒకటే బతిమాలింది. మా ఆయన పోయినేడు కాలవలో పడ్డారు, నాకు తెలుసని ఆయనకి తెలీదు. మీ ఇంటి ముందు పడితే కాస్త లేపండి, నాకు చెప్పకపోయినా సరే, లేపితే చాలు అంది. గుమ్మంలో కూచోబెడితే మళ్లీ లేవడానికి నా భుజం పట్టుకుంది, పిచ్చిది. ఆ కాలితో ఇంత దూరం నడిచింది."

కిసాబురో ఒక కాలు నేల మీద, ఒక కాలు పెడలు మీద పెట్టి నిలబడిపోయాడు. సిగ్గేసింది. ఏడుపొచ్చింది. ఆ రెండింటి మధ్య సుమియె మీద కోపం కూడా వచ్చింది, కాని అది ఎంతోసేపు నిలవలేదు. ఎదురుగా రోడ్డు తిన్నగా ఉంది, టైము ఉంది. పక్కన కాలవ కూడా ఉంది. చక్రం ఎలా ఊగుతోందో అతనికి తెలుసు. ఇవాళ పడితే లేపడానికి పద్నాలుగు ఇళ్లున్నాయి, నిజమే. కాని ఆ తర్వాత పద్నాలుగు ఇళ్ల గుమ్మాల్లోనూ కూచుని సుమియె మళ్లీ లేవాలి, ఈసారి థాంక్సు చెప్పడానికి.

రెండో కాలు కూడా కిందికి దించాడు.

"ఇక్కణ్ణుంచి నడుద్దామండీ" అన్నాడు ఒసాకావాళ్లతో.

నిషివాకి గారి భార్య ఇదీ ఏర్పాటేననుకుని సంతోషంగా దిగింది. నలుగురూ సైకిళ్లు నడిపించుకుంటూ సముద్రం పక్క దారిన బయల్దేరారు. కనెషిగె గారు ఒకసారి గడియారం వైపు, ఒకసారి అతని వైపు చూసి, ఈల నోట్లో పెట్టుకుని మళ్లీ తీసేసింది.

కోట దగ్గరికి చేరేసరికి పన్నెండూ ఇరవై ఆరు.

"ఎవరూ తప్పిపోలేదు. ఎవరూ పడలేదు. ఇరవై ఆరు నిమిషాలు ఆలస్యం" అని చదివింది కనెషిగె గారు. "తప్పారు, హిరోనాకా గారూ."

నిషివాకి గారి భార్య అన్యాయమని అందుకోబోయింది. కిసాబురో ఆవిడకి అడ్డుపడి, కనెషిగె గారు చెప్పింది సరిగ్గా ఉందన్నాడు. పసుపు పట్టీ తనే విప్పి, మడత పెట్టి, రెండు చేతులా ఇచ్చాడు. తెల్లది జేబులో పెట్టుకున్నాడు, కట్టుకోలేదు.

ఇంటికెళ్లి సామానంతా చాప మీద పరిచాడు. సుమియె వంటింట్లోంచి వచ్చి చూసింది.

"తప్పాను" అన్నాడు.

"అలాగా. ఈ చేప ఎవరిచ్చారు?"

"హత్సు అవ్వ. నువ్వేం చెప్పి వచ్చావో కూడా చెప్పింది."

"ముసలావిడ నోట్లో నువ్వుగింజ నానదు" అని గొణిగింది సుమియె.

"అది వాన కాదని నీకెలా తెలిసింది?"

"చొక్కా జేబులో నత్త ఉంది. వానలో నత్తలు పడతాయా?"

"అప్పుడే అడగొచ్చుగా."

"అడిగితే సైకిలు మానేస్తారు. మానేస్తే రోజంతా ఇంట్లో ఉంటారు" అంది. చేపని పక్కకి జరుపుతూ, "ఇంట్లో మీ మొహం నేను చూడలేను. బయటికెళ్లి వచ్చినప్పుడు వేరేగా ఉంటుంది" అంది.

కిసాబురో చాలాసేపు నారింజకాయల్ని చిన్నా పెద్దా వరసలో పేర్చి, మళ్లీ చెడగొట్టాడు. నాలుగు గంటలవుతుండగా లేచి, కూర్చునే దిండొకటి తీసుకెళ్లి సైకిలు వెనక సీటుకి తాడుతో గట్టిగా కట్టాడు.

"పద్నాలుగు ఇళ్లవాళ్లూ నీకు బదులిచ్చేశారు. ఇవ్వాల్సినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. లే, ఎక్కు."

సుమియె ససేమిరా అంది. డెబ్బై రెండేళ్లొచ్చాయి, వీధిలో నలుగురూ చూస్తే ఏమనుకుంటారంది. అనుకుంటే అనుకోనీ, కమబొకో ఇచ్చి ముందుగానే క్షమాపణ చెప్పేశావుగా అన్నాడతను. ఆవిడ ఎక్కి కూచుంది. అతను హ్యాండిలు పట్టుకుని నడిపించాడు.

ఏ కిటికీ తెర చూసినా వేలెడంత పక్కకి తొలిగే ఉంది. సుమియె చేతిగుడ్డతో మొహం కప్పుకుంది. మట్టిగోడల మలుపు దగ్గర అలవాటు కొద్దీ కిసాబురో ఆగి, శత్రువు కథ మొదలెట్టాడు. నేను ఇక్కడే పుట్టాను, నాకు చెప్పక్కర్లేదంది ఆవిడ. పట్టీ పోయింది గాని కథ పోలేదన్నాడు. కథ మొత్తం విన్నాకే కదిలారు. తను పడిన కాలవ ఎక్కడో కూడా చూపించాడు.

సముద్రం దగ్గరికి వస్తుండగా కనెషిగె గారు ఎదురైంది. చేతిలో చిన్న పొట్లం. ఆ పద్నాలుగు ఇళ్లు కాక, సుమియె ఇచ్చిన కమబొకో ఆమెకీ అందింది. పరీక్ష ముగియకముందే తింటే లంచంలా ఉంటుందని, తిరిగిచ్చేస్తే ఇంకా తప్పని, ఆఫీసు ఫ్రిజ్‌లో చీటీ అంటించి దాచింది. ఇప్పుడు బదులు పట్టుకుని వాళ్లింటికే బయల్దేరింది. వెనక సీటు మీద సుమియెని చూసి గతుక్కుమంది.

"ఇద్దరు ఎక్కడం తప్పు కదండీ."

"ఎక్కింది ఒక్కరే. నేను నడుస్తున్నాను. పాదచారిని."

"తెల్ల పట్టీకి మూడు వీధులే. సముద్రం దాకా లేదు."

"అది యాత్రికులని తిప్పితే. ఈవిడ ఇంటిదే."

కనెషిగె గారు నోటుపుస్తకం తీసింది. కాసేపు పట్టుకుని మళ్లీ సంచీలో పెట్టేసింది. పొట్లాన్ని బుట్టలో ఉంచి, సుమియెకి లోతుగా వంగి నమస్కరించి వెళ్లిపోయింది.

సముద్రం అడ్డుగోడ పక్కన సైకిలు ఆపాడు. ఎండ తగ్గుముఖం పట్టింది, గాలి లేదు, అలలు చిన్నవిగా ఉన్నాయి. సుమియె మొహం మీంచి గుడ్డ తీసేసింది. సీటు మీదే కూచుని, అతని భుజం పట్టుకుని చూసింది. మూడేళ్లలో అలల గురించి అతను చెప్పినవన్నీ నిజమో కాదో పోల్చుకుంటున్నట్టు చాలాసేపు చూసింది.

"రోజూ కాస్త పెంచి చెప్పేవారు" అంది చివరికి.

"కాస్తే" అన్నాడు. హ్యాండిలు ఇంటివైపు తిప్పబోయి ఆగాడు. నలభై తొమ్మిదేళ్లలో ఆవిడ చేసినవన్నీ ఒక్కసారి గుర్తొచ్చి, ఏం చెప్పాలో తోచక, ఆ ఊరి మర్యాదే చెప్పాడు. "ఇది సగం కూడా కాదు సుమియె."

"సగం కూడా కాకపోతేనే మంచిది. రేపు కూడా రావచ్చు" అంది ఆవిడ, దిండు సర్దుకుని కూచుంటూ. "పూర్తిగా మాత్రం ఎప్పుడూ తీర్చేయకండి."